ముల్లు ఎప్పుడు లేచింది?

"బండి వేడెక్కుతోంది భాయ్."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

భాయ్ నవ్వలేదు. చేతిలో పానా బానెట్ అంచున పెట్టి, కిరసనాయిలు గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "రోజు కాదు సార్ నేనడిగింది. నిలబడినప్పుడా, పోతున్నప్పుడా? సెల్ఫు కొట్టిన అయిదు నిమిషాలకా, గూడూరు చేరినాకా? ఏసీ వేస్తేనా, వేయకపోయినా అంతేనా?"

నెల్లూరు తీరాన కోట అనే ఊళ్లో, రోడ్డు పక్క మెకానిక్ భాయ్ రేకుల షెడ్డు అది. అక్కడికి చేరేలోపే నా పాత మారుతి 800 రెండు చోట్ల బిల్లులు కట్టించింది. ఒకచోట రేడియేటర్ మార్చారు. ఇంకోచోట వాటర్ పంపు మార్చి, ఫ్యాను మోటారు కొత్తది వేసి, థర్మోస్టాట్ పీకి నా చేతిలో పెట్టారు. "మన ఎండలకు ఇది దండగ సార్" అని ఒక మాట ఊరికే ఇచ్చారు. ఇంత జరిగినా మల్లాం మీదుగా నాయుడుపేట పోతుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకుతూనే ఉంది. రెండుచోట్లా ఏది పోయిందో చెప్పారు గానీ, ఎప్పుడు వేడెక్కుతోందని ఒక్కరూ అడగలేదు.

పాత కారు వేడి గురించి మనవైపు నడిచే మాటలన్నీ సామాన్ల పేర్ల చుట్టూ తిరుగుతాయి. పంపు పోయిందనేవాడొకడు, రేడియేటర్ జాలీ మూసుకుందనేవాడొకడు, గ్యాస్కెట్టే అని తీర్పు చెప్పేవాడొకడు. అందరి మాటల్లోనూ కొంత నిజం ఉంటుంది. ఈ నాలుగైదేళ్లలో విన్నవీ, చదివినవీ, చేతులు కాల్చుకున్నవీ కలిపి చూస్తే నాకు రెండే ప్రశ్నలు మిగిలాయి: ముల్లు ఎప్పుడు లేస్తోంది, ఇన్నాళ్లూ రేడియేటర్లో పోసిన నీళ్లు ఏవి? మొదటి ప్రశ్న ఏ ఊళ్లోనైనా అడగాల్సిందే. రెండోది మాత్రం మా నెల్లూరు తీరంలో ఇంకాస్త గట్టిగా అడగాలి.

ముందు వేడి లెక్క చూద్దాం. పెట్రోలు మండితే పుట్టే శక్తిలో స్థూలంగా మూడో వంతు బండిని నడుపుతుంది. మూడో వంతు సైలెన్సరు గుండా పోతుంది. మిగిలిన మూడో వంతును నీళ్లు మోయాలి. మారుతి 800 ఇంజిను 796 సీసీ, 37 గుర్రాల బలం, అంటే సుమారు 27 కిలోవాట్లు. ఇంట్లో స్నానాల గదిలోని గీజరు 2 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి పోతుంటే పదమూడు గీజర్ల వేడి వచ్చి నాలుగు లీటర్ల లోపు నీళ్లలో పడుతోందన్నమాట. ఆ నీళ్లు ఇంజినులో వేడి ఎత్తుకుని, రేడియేటర్లో దించి, మళ్లీ వెనక్కి పరుగెత్తాలి. ఎక్కడైనా అర నిమిషం తడబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ తిప్పలు కారుతోపాటే పుట్టాయి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని కారెక్కించుకుని, జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 106 కిలోమీటర్లు నడిపింది. ప్రపంచంలో కారు మీద తొలి దూర ప్రయాణంగా దాన్నే చెప్పుకుంటారు. ఆ బండికి మనకు తెలిసిన రేడియేటర్ లేదు. నీళ్లు ఆవిరైపోతూ ఇంజినును చల్లబరిచేవి కాబట్టి దారిపొడుగునా ఆగి నీళ్లు పోసుకోవాల్సిందే. 1900 చివర ఇంజనీరు విల్హెల్మ్ మేబాక్ చేసిన 35 గుర్రాల మెర్సిడెస్‌తో అసలు మార్పు వచ్చింది. తేనెపట్టులా అమర్చిన 8,070 చిన్న గొట్టాలలోంచి గాలి పోతుంటే, వాటి చుట్టూ కొద్దిపాటి నీళ్లు తిరిగేవి. తక్కువ నీళ్లకు ఎక్కువ గాలి తగిలించాలన్న ఆ ఉపాయమే నేటికీ నడుస్తోంది. అంటే ఇంజిను చల్లదనంలో నీళ్లది సగం పాత్రే, మిగతా సగం గాలిది. షెడ్డుల్లో నీళ్ల గురించి మాట్లాడినంతగా గాలి గురించి మాట్లాడరు.

మనవైపు పాత కారు అంటే ఏది? పెద్దవాళ్లకు అంబాసిడర్. 1950ల చివర మొదలై 2014 దాకా ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో తయారైంది. తర్వాత ఫియట్ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని. నా తరానికి మారుతి 800. అది 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరిలో ఆగింది. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో చెన్నై, హైదరాబాదు సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆపేశారు. చిన్న ఊళ్లలో మాత్రం మరో నాలుగేళ్లు అమ్మారు. అందుకే కోట, వాకాడు, గూడూరు రోడ్ల మీద ఆఖరి విడత 800లు ఇప్పటికీ కనిపిస్తాయి. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్‌కు పోయే వరసలో నిలబడేది ఇవే.

ఈ బండ్లన్నిటికీ ఒకే వైద్యం పనికిరాదు. పాత పెట్రోలు అంబాసిడర్‌కు ఇంజిను బ్లాకూ, దాని మీది హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. ఇంజిను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది కాబట్టి లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఆగినప్పుడు వేడెక్కడం దాని పుట్టుక గుణం. ఒకసారి నీళ్లు సలసలా కాగినా ఆ ఇనుము ఓర్చుకునేది. మారుతికి హెడ్డు అల్యూమినియం, ఫ్యాను కరెంటుది. గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఫ్యాను బాగుంటే ముల్లు కదలకూడదు. కానీ ఒక్కసారి పూర్తిగా కాగితే హెడ్డు వంగుతుంది. అంబాసిడర్ నడిపి తలపండిన డ్రైవర్లు చాలామంది "ఇంకో రెండు కిలోమీటర్లేగా, పోనీ" అని మారుతి హెడ్లు పాడుచేయడం నాకు తెలుసు. వాళ్ల అనుభవం తప్పు కాదు, ఆ అనుభవం నేర్పిన బండి వేరు.

ఇక భాయ్ ప్రశ్నకు వస్తాను. నిలబడినప్పుడు, మెల్లగా పోతున్నప్పుడు ఎక్కి, హైవే మీద 80లో దిగిందంటే గాలి లోపం. ఫ్యాను, దాని ఫ్యూజు, రిలే, థర్మో స్విచ్, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం, వీటిలో ఏదో ఒకటి. తిరగేసి, ఊళ్లో మామూలుగా ఉండి హైవే మీద ఎక్కిందంటే నీళ్ల పారుదల లోపం. వేడి ఎక్కువగా పుడుతోంది, దాన్ని మోసేంత నీరు తిరగడం లేదు. రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుని ఉండొచ్చు. పంపు రెక్కలు తుప్పుకు అరిగి ఉండొచ్చు. బెల్టు జారుతూ ఉండొచ్చు. కింది హోస్ పైపు మెత్తబడి, ఇంజిను జోరు పెరగ్గానే పంపు పీల్పుకు అణగారిపోతూ ఉండొచ్చు. ఈ ఆఖరిది చాలామంది కంట పడదు. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి పైపు మళ్లీ ఉబ్బి అమాయకంగా కూర్చుంటుంది. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు చూస్తేనే దొరుకుతుంది.

సెల్ఫు కొట్టిన అయిదు నిమిషాలకే ముల్లు నిలువుగా లేస్తే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా నీళ్లే లేవు, లేదా మంట గ్యాసు నీళ్లలోకి చొరబడుతోంది. ముల్లు ఒక్కసారి ఎగిరి, టక్కున పడి, మళ్లీ ఎగురుతుంటే లోపల గాలి బుడగ తిరుగుతూ ఉండొచ్చు, లేదా వైరు ఎర్తు సరిగా లేకపోవచ్చు. ఏసీ వేస్తేనే వేడెక్కితే రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ మూసుకుందేమో చూడాలి. నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం ముల్లు అసలు లేవకపోవడం. ముల్లును నడిపే సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు కారిపోయి అది ఆవిరిలో వేలాడుతుంటే ముల్లు చల్లగా కిందికి దిగుతుంది. బండి కుదుటపడిందని మనం సంబరపడి ఇంకాస్త తొక్కుతాం. ఎక్కిన ముల్లు తనంతట తాను గబుక్కున దిగిందంటే ఆగి చూడాల్సిందే.

నేను భాయ్‌కి చెప్పిన జవాబు ఇది: "మల్లాం రోడ్డులో ఎక్కుతోంది. గూడూరు దాటి హైవే ఎక్కితే దిగుతోంది."

"అట్టయితే గాలి సార్."

"ఫ్యాను తిరుగుతోంది కదా భాయ్. కొత్త మోటారు."

"తిరుగుతోంది సరే. ఎట్టా తిరుగుతోంది?"

ఇంజిను ఆన్‌లోనే పెట్టించాడు. పది నిమిషాలకు ఫ్యాను గుయ్యిమంది. నా చొక్కా జేబులో గూడూరు నిమ్మకాయల మార్కెట్ చీటీ ఒకటి ఉంటే తీసుకుని ముందు గ్రిల్లు దగ్గరికి పట్టుకెళ్లాడు. ఫ్యాను రేడియేటర్‌కు వెనక ఉంటుంది కాబట్టి ముందునుంచి గాలి పీల్చాలి. కాగితం జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. భాయ్ వేళ్ల సందులోంచి జారి, ఎగిరి, రోడ్డు మీద పడింది. కొత్త మోటారు వేసినప్పుడు రెండు వైర్లు అటుదిటు కలిపారు. ఫ్యాను వెనక్కి తిరుగుతూ ఇంజిను వేడిగాలిని ముందుకు ఊదుతోంది. బండి 40లో పోతుంటే ఎదురుగాలీ, ఫ్యాను గాలీ కొట్టుకుని జాలీలో ఏ గాలీ ఆడటం లేదు. 80లో ఎదురుగాలిదే పైచేయి. వైర్లు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

అప్పుడు అర్థమైంది, నా బండి అసలు జబ్బు పాత ఫ్యాను మోటారేనని. రేడియేటర్ మార్చడం వృథా. మోటారు మార్చడం సరైన వైద్యమే గానీ, వైద్యంలోనే ఇంకో జబ్బు అంటించారు. ఒకేసారి మూడు సామాన్లు మార్చితే ఏది నయం చేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అసలే తెలియదు. ఒకటి మార్చి, అదే రోడ్డు మీద, అదే ఎండలో తిప్పి చూడటం ఆలస్యంలా కనిపిస్తుంది. నా బిల్లుల లెక్కన అదే చవక.

గాలి మాట వచ్చింది కాబట్టి మా ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వకాలున్నాయి. ఆ లారీల వెనక పోయే కారు రేడియేటర్ విప్పితే రెక్కల మధ్య తెల్లటి పిండిలాంటిది కనిపిస్తుంది. కోతల కాలంలో ఊక, వానాకాలంలో పురుగులు, తీరం వెంట రోడ్లయితే ఉప్పుగాలి, వీటన్నిటితో ఆ పిండి పేస్టులా గట్టిపడుతుంది. ముందునుంచి నీళ్ల పైపుతో గట్టిగా కొడితే చెత్త ఇంకా లోపలికి దిగి, పల్చటి రెక్కలు వంగి, ఉన్న సందులూ పోతాయి. ఇంజిను వైపునుంచి ముందుకు, మెల్లటి ధారతో కడగాలి. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడాలి. ఎవరూ చూడని చోటు అదే.

ఇక నీళ్లు. కోట చుట్టుపక్కల ఒక వీధి బోరుకూ ఇంకో వీధి బోరుకూ రుచి మారుతుంది. సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఉప్పు పెరుగుతుంది. తాగే నీళ్లకు భారత ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. లీటరుకు 1 గ్రాము ఉన్న బోరు నీళ్లనుకుందాం, మరీ చెడ్డవి కావు. బండి రోజూ అర లీటరు ఆవిరి చేస్తోంది, మనం రోజూ అర లీటరు నింపుతున్నాం. నీళ్లు పోతాయి, లవణం పోదు. ఏడాదికి 180 గ్రాములకు పైగా లోపలే ఉండిపోతుంది. ఆ బరువున్న సున్నాన్నీ ఉప్పునూ అరచేతిలో ఊహించుకుని, పెన్సిలు ముల్లంత సన్నటి రేడియేటర్ గొట్టాలను చూడండి.

గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునే సున్నం పొరే ఇంజిను లోపలి గోడల మీదా పేరుకుంటుంది. వేడిని పంపే గుణం ఆ పొరకు ఇనుములో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంటే గోడకు లోపల కంబళి కప్పినట్టు. నీళ్లు మామూలుగానే ఉంటాయి, ముల్లూ మామూలుగానే ఉంటుంది, సిలిండర్ చుట్టూ ఇనుము మాత్రం కాలుతుంటుంది. క్లోరైడ్ చేసే పని వేరు. అది అల్యూమినియాన్ని పుండు పడినట్టు తొలుస్తుంది. పంపు రెక్కలూ, హెడ్డుకు నీళ్లు పోయే దారులూ, గ్యాస్కెట్ అంచులూ అలాగే పాడవుతాయి.

కూలెంట్ గురించి మనవైపు వినే వాదం ఒకటుంది: "అది మంచు పడే దేశాలకు, మనకెందుకు?" సగం నిజం. మామూలు నీళ్లు వేడిని మోయడంలో కూలెంట్ కలిపిన నీళ్ల కంటే మెరుగే, ఇది పుస్తకాలూ ఒప్పుకుంటాయి. కానీ కూలెంట్‌లో గ్లైకాల్‌తోపాటు తుప్పును ఆపే మందులుంటాయి, కోటలో మనం డబ్బులిచ్చేది వాటికే. మందు బలం రెండు మూడేళ్లకు తగ్గుతుంది, రంగు మాత్రం అలాగే ఉంటుంది. రంగు చూసి బాగుందనుకుంటే మోసపోతాం. సాంద్రంగా ఉండే కూలెంట్ కొని అందులో బోరు నీళ్లు కలపడం మనవాళ్లు చేసే ఇంకో పొరపాటు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. అది దొరక్కపోతే వీధి చివరి ఆర్వో క్యాను నీళ్లు బోరు కంటే ఎంతో నయం. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లనూ చూశాను. ఆ ఆలోచనలో తప్పు లేదు, ఆ బకెట్టులో దుమ్ము లేకుంటే చాలు.

రేడియేటర్ మూత విషయంలో జనం చూపే నిర్లక్ష్యం నాకు మింగుడుపడదు. అది చట్నీ సీసా మూతలాంటిది కాదు, ప్రెజర్ కుక్కర్ వెయిట్‌లాంటిది. మూత మీద 0.9 అని ఉంటే లోపల వాతావరణం కంటే 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి నిలుపుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాగవు, 118 దాకా ఆగుతాయి. మూతలోని రబ్బరు చీలితే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. తిరుమల కొండెక్కితే ఇంకా తగ్గుతుంది. అంత ఎత్తులో మామూలు నీళ్లు 97 దగ్గరే కాగుతాయి, పైగా ఘాటు రోడ్డులో బండి రెండో గేరులో మూలుగుతుంటుంది. కొండ దారిలో బానెట్లు ఎత్తుకుని నిలబడే కార్లలో కొన్నిటికైనా కావాల్సింది కొత్త మూతే అని నా అనుమానం. మూతలో రెండో చిన్న కవాటం ఒకటుంటుంది. బండి చల్లారేటప్పుడు పక్కనుండే నీళ్ల సీసాలోంచి నీళ్లు వెనక్కి పీల్చుకునేది అదే. తెల్లవారి పై హోస్ పైపు చప్పిడి బుగ్గలా లోపలికి పోయి ఉంటే ఆ కవాటం మూసుకుపోయినట్టు.

థర్మోస్టాట్ పీకడం మీద వాదం ఇంకా తెగలేదు. చల్లటి ఇంజిను త్వరగా వేడెక్కేలా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపడమే దాని పని. సాధారణంగా 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. "అది లేకపోతే నీళ్లు మరీ జోరుగా తిరిగి, రేడియేటర్లో చల్లారే తీరికే ఉండదు" అంటారు కొందరు. ఇది తప్పు. జోరుగా తిరిగితే మొత్తం మీద వేడి ఎక్కువే దిగుతుంది. అయినా పీకకూడదన్న వాళ్ల మాటే సరైనది, కారణం వేరు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది. మిగతా ఇంజిన్లలో బండి ఎప్పటికీ సరిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో మడ్డి చేరుతుంది. పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. నేను దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి, థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. 80 దాటాక పూవు విచ్చినట్టు మెల్లగా నోరు తెరిచింది. మంచిదాన్నే పీకేశారు. "అది పాల గిన్నెరా అబ్బాయ్!" అని అమ్మ వెనకనుంచి అరిచింది. ఆ గిన్నె తిరిగి వంటింట్లోకి రాలేదు, ఇప్పుడు కారు డిక్కీలో ఉంది.

ఫ్యానును స్విచ్‌తో పనిలేకుండా డైరెక్ట్ చేయడం గురించి నాది నడిమి మాట. థర్మో స్విచ్ ఉన్న పాత కార్లలో దాని క్లిప్పు ఊడదీసి రెండు వైర్లూ చిన్న తీగతో కలిపితే ఫ్యాను తిరగాలి. తిరిగితే మోటారు మంచిది, స్విచ్ పోయింది. అలా కలిపి ఇంటికి చేరడం తెలివే. మూడేళ్లు అలాగే వదిలేయడం బద్ధకం. ఇక కారే రేడియేటర్లో పసుపు పోయడం అంబాసిడర్ కాలపు చిట్కా. చిన్న బెజ్జాన్ని అది నిజంగానే పూడుస్తుంది, పనిలో పనిగా మంచి గొట్టాల్నీ పూడుస్తుంది. ఆ రోజుల్లో ఇత్తడి రేడియేటర్ విప్పి, గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేసి, మాటేసి ఇచ్చే పనివాళ్లుండేవారు. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీకి ఆ వైద్యం కుదరదు.

20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత బండి వేడెక్కితే నింద దాని మీదికి పోతోంది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, తనంతట తాను సర్దుకోలేని కార్బురేటర్ బండిలో మిశ్రమం పలచబడుతుంది, మంట తీరు మారుతుంది. ఆ మాట కొట్టిపారేయలేను. కానీ ముల్లు ఎర్రగీత దాకా పోయిందంటే ముందు ఫ్యానూ, మూతా, నీళ్లూ చూశాకే పెట్రోలు బంకు వైపు వేలు చూపాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా, బ్రేకులు పట్టేసినా ఇంజిను వేడెక్కుతుందన్నది ఈ గోలలో మరిచిపోతున్నారు. బండి దిగి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఏ చక్రం కాలుతోందో తెలిసిపోతుంది.

అందరూ భయపడేది హెడ్ గ్యాస్కెట్‌కు. వేడెక్కడానికి అది కారణం కావచ్చు, ఇంకో లోపంతో వేడెక్కినందుకు ఫలితమూ కావచ్చు. గ్యాస్కెట్ మార్చి అసలు కారణం వదిలేస్తే నెల తిరిగేలోపు మళ్లీ అదే షెడ్డుకు రావాలి. గుర్తులు తెలిసినవే: నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంటాయి, తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తుంది, ఆయిల్ మూత కింద మజ్జిగ నురగలాంటిది పడుతుంది. చివరి గుర్తు ఒక్కటే చూసి తీర్పివ్వకూడదు. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగే బండికి తేమ వల్ల కూడా ఆ నురగ వస్తుంది. ఉదయం చల్లటి ఇంజిను స్టార్టు చేసిన నిమిషంలోనే, నీళ్లు గోరువెచ్చగా కూడా కాకముందే, పై హోస్ పైపు రాయిలా బిగిసిందంటే మాత్రం లోపలికి మంట గ్యాసు పోతున్నట్టే. దీనికి నీలం రంగు ద్రావకంతో పరీక్ష ఒకటుంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని దానిలోంచి పీలిస్తే, మంట గ్యాసు ఉంటే పసుపు రంగుకు తిరుగుతుంది. హెడ్డు విప్పించే ముందు ఆ పరీక్ష అడిగి చేయించుకోవాలి. హెడ్డు విప్పాక లేతుకు పంపి చదునుగా ఫేసింగ్ కొట్టించకుండా పాత హెడ్డు మీదే కొత్త గ్యాస్కెట్ బిగిస్తానంటే ఒప్పుకోకూడదు. స్కేలు పెట్టి వెలుతురులో చూస్తే కంటికి ఆనని వంపు కూడా గ్యాస్కెట్‌ను తినేస్తుంది.

రోడ్డు మీద ఆగినప్పటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాలి. కోటలో హీటర్ వేశానంటే నవ్వుతారు, కానీ అది రెండో చిన్న రేడియేటర్. కిటికీలు దించుకుని చెమటలు కారుస్తూ ఊరు చేరొచ్చు. ఆవిరి వచ్చిందంటే మాత్రం ఆగిపోవాలి. మూత ముట్టుకోకూడదు. 110 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత తిప్పగానే ఒక్క క్షణంలో పొంగి ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి. ఒకసారి మల్లాం దగ్గర సాయం చేస్తానంటూ వచ్చిన కుర్రాడి చెయ్యి నేను పట్టి లాగకపోతే ఏమయ్యేదో. అరగంట ఆగి, గుడ్డ వేసి, సగం తిప్పి, బుస్సుమనే శబ్దం ఆగాకే తీయాలి. కాలుతున్న అల్యూమినియం మీద చన్నీళ్లు గుమ్మరించకూడదు. ఇంజిను ఆన్‌లో పెట్టి కొద్దికొద్దిగా పోయాలి.

మొన్న కూలెంట్ మార్పించడానికి మళ్లీ భాయ్ దగ్గరికి వెళ్లాను. షెడ్డులో తెల్ల అంబాసిడర్ ఒకటి ఉంది. ఓనరు డెబ్బై దాటిన రైతు, వాకాడు వైపు మనిషి. బండి హైవే మీద ఎక్కుతోందట, ఊళ్లో బాగానే ఉందట. భాయ్ బ్లాకు పక్కన కిందుగా ఉండే నీళ్ల కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు.

"నీళ్లు నిండుగా ఉండాయి గదయ్యా, పొద్దన్నే పోసినా" అన్నాడు పెద్దాయన.

"ఏ నీళ్లు పెద్దాయనా?"

"మా దొడ్లో బోరువే. ముప్పై ఏండ్లుగా అవే."

భాయ్ పాత సైకిలు చువ్వ ఒకటి తెచ్చి కుళాయి రంధ్రంలో దూర్చి తిప్పాడు. ముందు ఇటుకపొడి రంగు బురద బొట్టుగా ఊరింది. ఇంకాస్త లోతుగా పొడిచాడు. చిన్న చిన్న తెల్లటి పెచ్చులు బురదతో కలిసి అరచేతిలో పడ్డాయి. వాటిని బొటనవేలితో నలిపి పెద్దాయన ముందు పట్టాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూస్తుండగానే ఎర్రటి ధార ఒక్కసారిగా జారి భాయ్ మోచేయి దాకా తడిపింది.